ఇంటి అరలో ఏ పుస్తకాలుండాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లగొండ, పాలమూరు ప్రాంతాలవే. పిల్లలకు, పెద్దలకు ఎలాంటి పుస్తకాలు ఎంచుకోవాలన్నదే వాటన్నిటిలోని ప్రశ్న. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా పాప మూడో తరగతి, బాబు ఆరో తరగతి చదువుతున్నారు. ఇద్దరిదీ ఇంగ్లీషు మీడియమే. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు గాని, చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. వాళ్లకు ఏ పుస్తకాలు కొనాలి?
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: ఇదే బాధ ఈ నెల ఇంకా చాలామంది తల్లిదండ్రులు రాశారు. 2018లో వచ్చిన చట్టం వల్ల తెలంగాణ బడులన్నిటిలో పదో తరగతి వరకు తెలుగు నేర్పడం తప్పనిసరి అయింది. అది మంచిదే. అయితే పరీక్ష కోసం చదివే పాఠంతో అక్షరాలు వస్తాయి గాని చదువులో ధార రాదు. తరువాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రంతో పేజీ తిప్పే పుస్తకాలు నాలుగైనా చేతిలో పడితేనే ధార అలవడుతుంది.

అందుకని కొనడానికి ముందు ఒక పని మొదలుపెట్టండి. రాత్రి అన్నాలు అయ్యాక పావుగంట సేపు మీరు గాని, పిల్లల అమ్మ గాని పైకి చదవండి. పిల్లలు పక్కన కూర్చుని పేజీ చూస్తూ వినాలి. చెవికి తెలిసిన మాటను కన్ను సులభంగా పోల్చుకుంటుంది కాబట్టి, ఒకసారి విన్న కథను పిల్లలు మరునాడు తామే చదవబోతారు. ఆ సమయంలో ఒత్తు తప్పితే వెంటనే ఆపి దిద్దవద్దు. వాక్యం పూర్తి కానిచ్చి, అదే వాక్యాన్ని మీరు ఒకసారి సరిగ్గా చదివితే చాలు.

మూడో తరగతి పాపకు పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, నిండుగా బొమ్మలు ఉన్న పల్చని పుస్తకాలు కావాలి. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలోను, సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ ప్రచురణల్లోను అలాంటివి దొరుకుతాయి. మంచి పుస్తకం వారు తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకేచోట ఉన్న పుస్తకాలు కూడా వేశారు. ఇంగ్లీషు బడి పిల్లలకు అవి ఎక్కువ ఉపయోగం. ఫోనులో చదివించక తప్పదనుకుంటే, ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి. అయినా ఈ వయసులో కాగితం పుస్తకమే మేలని నా అభిప్రాయం. పుస్తకం పాప సొంతమవుతుంది, దిండు పక్కన ఉంటుంది, అడిగినన్ని సార్లు తెరుచుకుంటుంది.

ఆరో తరగతి బాబుకు ‘రైలుబడి’ కొనండి. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకానికి తెలుగు రూపమిది. జపానులో 1981లో వెలువడింది. మామూలు బడి వెళ్లగొట్టిన అల్లరి పిల్ల, పాత రైలుపెట్టెలనే తరగతి గదులుగా మార్చిన తొమోయె అనే బడిలో ఎలా వికసించిందో అందులో ఉంది. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మొదటి రోజునే ఆ పిల్ల చెప్పేదంతా గంటల తరబడి ఓపికగా విన్న ఘట్టాన్ని బాబుతో పాటు మీరూ చదవాలని కోరుతున్నాను. పిల్లలకు పుస్తకం ఇవ్వడానికి ముందు వాళ్ల మాట వినాలన్న సంగతి నాకు అంత బలంగా చెప్పిన పుస్తకం ఇంకొకటి లేదు.

పద్యాల విషయం అడగకపోయినా ఒక మాట. వేమన పద్యాలను బట్టీ పట్టించి చుట్టాల ముందు అప్పచెప్పించడం మానండి. మీరు పనిచేసుకుంటూ రాగం తీసి పాడితే అవి వాళ్లకే నోటికి వస్తాయి. అర్థం తరువాత వస్తుంది.

ప్రశ్న: రెండేళ్ల బిడ్డకు పుస్తకం ఇస్తే చింపేస్తున్నది. ఇంత చిన్న వయసులో పుస్తకం అవసరమా?
– ఒక తల్లి, గద్వాల

జవాబు: అవసరమే. అట్టపేజీల పుస్తకాలు, గుడ్డ పుస్తకాలు ఆ వయసు వాళ్ల కోసమే తయారవుతాయి. ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మ మీద వేలు పెట్టి ‘ఇది కోడి, ఇది మేక’ అని మీ ఇంటి మాటల్లోనే చెప్పండి. నాలుగు పేజీలు చింపినా కోప్పడవద్దు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ముప్పై ఏళ్లు పాఠ్యపుస్తకాల తెలుగే చెప్పాను. మా అవ్వ మాట్లాడిన పాలమూరు మాటలున్న పుస్తకాలు ఇప్పుడు చదవాలని ఉంది. ఏవి చదవాలి?
– జడ్చర్ల

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. మొదట పాకాల యశోదారెడ్డి గారి కథలు చదవండి. ఆమె 1929లో మీకు దగ్గరలోని బిజినేపల్లిలో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన పండితురాలు. అంత పాండిత్యం ఉండీ, కథ రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టి, పల్లెలో ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే తీరును, ఆ సామెతలను, ఆ విరుపులను ఉన్నవి ఉన్నట్టుగా కాగితం మీదికి తెచ్చారు. ‘మా ఊరి ముచ్చట్లు’, ‘ఎచ్చమ్మ కథలు’ రెండూ చదవండి. కళ్లతో చదివితే కొన్ని మాటల దగ్గర తడబడవచ్చు. నోటితో చదివితే మీ అవ్వ గొంతు మీకు వినిపిస్తుందని నమ్మకంగా చెప్పగలను. ఆ ప్రాంతపు భాషను తక్కువగా చూసిన రోజుల్లో ఆమె ఈ పని చేశారు. అందువల్ల పాలమూరు ఇండ్లలో ఈ రెండు పుస్తకాలు లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆ తరువాత సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. రాజులు, యుద్ధాల కన్నా మామూలు జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదే ఆయనకు ముఖ్యం. పాల్కురికి సోమనాథుని కాలం నుంచి కావ్యాలను తిరగేసి, వర్ణనల మధ్య దాగిన బతుకును ఏరి కూర్చారు. 1955లో తెలుగుకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఈ పుస్తకానిదే; అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లయింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిన సంపాదకుడు కూడా ఆయనే. చరిత్ర పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు ఏకబిగిన చదవనక్కర్లేదు. ఆటలు, భోజనాలు, పండుగల సంగతులున్న చోట్లు ముందు చదవండి.

పాట మీద ఇష్టం ఉంటే గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ కూడా తెచ్చుకోండి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. మా తాత సాయుధ పోరాటం గురించి ఎప్పుడూ చెప్పేవారు. ఆ కాలాన్ని తెలుసుకోవడానికి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?
– సూర్యాపేట

జవాబు: చాలామంది ఆ పోరాట నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం’తో మొదలుపెట్టమంటారు. అది తప్పక చదవవలసిన పుస్తకమే గాని, పేర్లు, ఊర్లు, దళాల వివరాలతో నిండిన పెద్ద గ్రంథం కనుక కొత్త పాఠకుడు యాభై పేజీల్లో అలసిపోతాడు. మీరు నవలతో మొదలుపెట్టండి. నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన ‘ప్రజల మనిషి’ పోరాటానికి ముందటి తెలంగాణను, దొర గడీని, వెట్టిని, మతం పేరుతో జరిగిన ఒత్తిళ్లను కళ్లకు కడుతుంది. కథ జరిగేది నిజామాబాదు ప్రాంతంలోనే అయినా, 1946 జులై 4న కడివెండిలో పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటికి జనంలో అంత తెగింపు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ నవల చదివాకే నాకు అర్థమైంది. కడివెండి అప్పట్లో మీ నల్లగొండ జిల్లాలోదే. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు అచ్చువేసి ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఈ నవలకు కొనసాగింపుగా మొదలుపెట్టిన ‘గంగు’ పూర్తి కాకుండానే ఆయన 1961లో మరణించారు.

నవల అయ్యాక స్త్రీశక్తి సంఘటన వారి ‘మనకు తెలియని మన చరిత్ర’ చదవండి. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న అనుభవాలివి. దళంలో ఉన్నప్పుడు దొరికిన గౌరవం, పోరాటం ముగిసి ఇంటికి తిరిగి పంపినప్పుడు కలిగిన నిరాశ రెండూ దాచకుండా చెప్పారు. మీ తాత చెప్పిన కథల్లో మీ నాయనమ్మ ఎక్కడుందో వెతకడానికి ఈ పుస్తకం పనికొస్తుంది. ఆ తరువాత పోరాట నాయకుల్లో మరొకరైన రావి నారాయణరెడ్డి అనుభవాలు, చివర సుందరయ్య గ్రంథం. తాత చెప్పిన సంగతుల్లో మీకు గుర్తున్నవి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. చదువుతూ పోతుంటే ఊరి పేర్లు కలుస్తాయి.

ప్రశ్న: పెళ్లయ్యాక ఇరవై ఏళ్లుగా పుస్తకం పట్టలేదు. మిషన్ కుడుతూ ఇల్లు నడుపుకుంటున్నాను. మళ్లీ చదవాలని ఉంది, కానీ పెద్ద నవల చూస్తే భయం వేస్తున్నది.
– మిర్యాలగూడ

జవాబు: భయం సహజం, ఇరవై ఏళ్ల విరామం తరువాత మొదటి పది పేజీలు ఎవరికైనా కష్టంగానే ఉంటాయి. కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’తో మొదలుపెట్టండి. పుస్తకం చిన్నది, వాక్యాలు ఇంకా చిన్నవి. బాల్యవైధవ్యం, ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త వదిలివెళ్లడం, కన్నబిడ్డలను పోగొట్టుకోవడం – ఇన్ని దుఃఖాలను ఆమె గొంతు పెంచకుండా చెప్పారు. ఆ తరువాత మీ జిల్లా ఆడబిడ్డ ముదిగంటి సుజాతారెడ్డి ఆత్మకథ ‘ముసురు’ చదవండి. నల్లగొండ పల్లెలో ఆడపిల్ల చదువుకోవడం ఎంత కష్టమో అందులో తెలుస్తుంది. అప్పటికి నవల అంటే జంకు పోతుంది. అప్పుడు డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ తెప్పించుకోండి. అందులోని ఇందిర మీకు నచ్చినా నచ్చకపోయినా చాలాకాలం మరిచిపోలేరు. మూడూ కొనలేకపోతే మిర్యాలగూడ గ్రంథాలయంలో అడగండి. అరలో కనబడకపోతే, కావలసిన పుస్తకాల పేర్లు కాగితం మీద రాసి గ్రంథపాలకునికి ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. పురాణాలంటే ప్రాణం, చూపు తగ్గింది.
– కొల్లాపూర్

జవాబు: పోతన భాగవతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం వారు తాత్పర్యంతో సంపుటాలుగా వేశారు, ఆమెకు ఇష్టమైన గజేంద్రమోక్షం, ప్రహ్లాద చరిత్ర ఉన్న సంపుటాలు ముందు తెప్పించండి. గోన బుద్ధారెడ్డి ‘రంగనాథ రామాయణం’ ఇంకా మంచి ఎంపిక. రెండేసి పాదాల ద్విపదలో ఉంటుంది కనుక వినడానికి హాయిగా ఉంటుంది, పాడుకోవచ్చు. పైగా గోన వంశం వారు ఏలినది మీ పాలమూరు సీమే. ఇంట్లో మనుమరాలు గాని మనుమడు గాని ఉంటే రోజూ వాళ్లతో ఒక పేజీ చదివించండి. తప్పు చదివితే ఆమే సరిదిద్దుతుంది. నల్లగొండ నుంచి రాసిన తండ్రికి చెప్పిన పద్ధతే మీ ఇంట్లో తలకిందులుగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా ఊరి యువకులం పదివేల రూపాయలు పోగుచేసి చిన్న గ్రంథాలయం పెట్టాలనుకుంటున్నాము. ఎలాంటి పుస్తకాలు కొనాలి?
– అచ్చంపేట దగ్గరి ఒక పల్లె

జవాబు: మీరు చేస్తున్నది ఈ నేలకు కొత్త పని కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం మొదలైన తరువాత, సభ పెట్టుకోవడానికే అనుమతి కావలసిన నిజాం రాజ్యంలో ఊళ్లలో గ్రంథాలయాలు పుట్టాయి. 1922లో నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక వచ్చింది. పుస్తకం చదివే జనమే తరువాత నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్రమహాసభకు బలమయ్యారు.

ఇక డబ్బు సంగతి. సగం పిల్లల పుస్తకాలకే పెట్టండి. అవి పల్చనివి, ధర తక్కువ, అదే సొమ్ముకు ఎక్కువ వస్తాయి. పిల్లలు వస్తేనే వాళ్ల వెనుక తల్లులు వస్తారు. మిగిలిన దానిలో పైన చెప్పిన యశోదారెడ్డి, ఆళ్వారుస్వామి, సురవరం పుస్తకాలు ఉండాలి. పంతంగిలో పుట్టిన బోయ జంగయ్య నవల ‘జాతర’, గోగు శ్యామల కథల సంపుటి ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయ్యం’ కూడా చేర్చండి. ఊరి దళితవాడ పిల్ల పుస్తకం తెరిస్తే తన వాడ అందులో కనబడాలి. దూరదేశపు పుస్తకం ఒకటి కావాలంటే అలెక్స్ హేలీ రచనకు సహవాసి చేసిన అనువాదం ‘ఏడు తరాలు’ తీసుకోండి. వెట్టి కథలు విన్న ఊళ్లో ఆ బానిసల కథ పరాయిదిగా అనిపించదు. తొమ్మిది, పది తరగతుల వారి కోసం కొడవటిగంటి రోహిణీప్రసాద్ విజ్ఞాన వ్యాసాలు పెట్టండి. అణుశాస్త్రవేత్త అయిన ఆయన కష్టమైన విషయాన్ని తేట తెలుగులో రాశారు.

ఎవరైనా దానం ఇస్తామంటే పాత గైడ్లు, చిరిగిన వారపత్రికలు మర్యాదగా వద్దనండి; అర నిండుతుంది గాని చదివేవారు రారు. కొనుగోలుకు డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదులో జరిగే పుస్తక ప్రదర్శన మంచి అవకాశం, అక్కడ ప్రచురణకర్తలందరూ ఒకేచోట ఉంటారు, తగ్గింపు కూడా ఇస్తారు. జిల్లా గ్రంథాలయ సంస్థకు కూడా దరఖాస్తు పెట్టండి. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పోతున్నది కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

బీరువాకు తాళం వేయవద్దు. సాయంత్రం రెండు గంటలు తెరవండి, పొలం పనుల రోజుల్లో చీకటి పడ్డాక తెరవండి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే రిజిస్టరు బాధ్యత ఏడో తరగతి దాటిన ఇద్దరు పిల్లలకు అప్పగించి, ఆ ఇద్దరిలో ఒకరు తప్పకుండా ఆడపిల్ల అయ్యేట్టు చూడండి.