కుల్ఫీ గంటతో సైకాలజీ రివిజన్

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సైకాలజీ ఒక సబ్జెక్టు. ఇంటర్ వరకు తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లిష్. సెమిస్టర్ పరీక్షలకు మూడు వారాలే ఉంది. నిర్వచనాలు బట్టీ పట్టినా హాల్లో కూర్చోగానే ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. పదో తరగతి చదివే తమ్ముడికి పాఠం చెప్పబోయి నేనే తడబడ్డాను. బేసిక్స్ ఎలా రివిజన్ చేయాలి? క్లినికల్ సైకాలజిస్ట్ కావాలని నా కోరిక.
– ఒక విద్యార్థిని

జవాబు: సైకాలజీ మొదటి పేపర్లో తికమకంతా జంటల దగ్గరే వస్తుంది. సెన్సేషన్–పర్సెప్షన్, క్లాసికల్–ఆపరెంట్ కండిషనింగ్, నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్–పనిష్‌మెంట్, సహసంబంధం–కారణం. విడివిడిగా చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే నోరు పెగలదు. కాబట్టి జంటలుగానే చదవండి. ఒక్కోదానికి ఉదాహరణ పుస్తకంలోంచి కాకుండా మీ గల్లీలోంచి తెచ్చుకోండి.

రాత్రి పూట మీ వీధిలోకి కుల్ఫీ బండి వస్తుందనుకుందాం. గంట వినపడగానే నోట్లో నీళ్లూరతాయి. చిన్నప్పుడు మొదటిసారి విన్నప్పుడు ఊరలేదు కదా! గంట మోగడం, కుల్ఫీ తినడం, మళ్లీ గంట, మళ్లీ కుల్ఫీ. ఇలా చాలాసార్లు జరిగాక ఉత్త గంటకే నోరూరడం మొదలైంది. ఇది పావ్‌లోవ్ చెప్పిన క్లాసికల్ కండిషనింగ్. కుల్ఫీ సహజంగానే నోరూరిస్తుంది కాబట్టి అది సహజ ఉద్దీపన (స్టిమ్యులస్), దానితో జతపడి నోరూరించే గంట నిబంధిత ఉద్దీపన. పక్కింటి పిల్లాడు అలాంటి గంటే కొని, కుల్ఫీ లేకుండా పొద్దస్తమానం మోగిస్తూ ఉంటే కొన్నాళ్లకు నోరూరడం ఆగిపోతుంది. అది ఎక్స్‌టింక్షన్.

అదే గంటకు మీరు పర్సు తీసుకుని గబగబా మెట్లు దిగారు. ఇది స్కిన్నర్ చెప్పిన ఆపరెంట్ కండిషనింగ్. నీళ్లూరడం మన చేతిలో లేదు, మెట్లు దిగడం మనం చేసిన పని. దిగినందుకు కుల్ఫీ దొరికింది కాబట్టి రేపూ దిగుతారు. ఆయన చెప్పిందంతా ఈ ‘దొరికింది కాబట్టి’ చుట్టూనే తిరుగుతుంది. అన్నట్టు, పావ్‌లోవ్ అసలు ఫిజియాలజిస్టు, అంటే శరీరం పనిచేసే తీరును చదివే శాస్త్రవేత్త. 1904లో ఆయనకు నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. కండిషనింగ్‌కే వచ్చిందని రాసేవాళ్లు చాలామంది.

నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ దగ్గర నేనూ ఒకప్పుడు వైవాలో బోర్లా పడ్డాను. ‘నెగెటివ్’ అనగానే శిక్ష అనుకున్నాను. హెల్మెట్ లేకుండా వెళ్తే చలానా పడింది, ఆ తర్వాత అలా వెళ్లడం తగ్గింది. అది పనిష్‌మెంట్. కారులో బెల్టు పెట్టుకునే దాకా ‘టింగ్ టింగ్’ మని చెవులు తినేస్తుంది, పెట్టుకోగానే ఆగుతుంది. ఆ మోత పోతుందనే కదా వెంటనే బెల్టు పెట్టుకుంటాం? అది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అని ముందు చూడండి. పెరిగితే రీఇన్‌ఫోర్స్‌మెంటే. ‘నెగెటివ్’ అంటే ఇక్కడ ఏదో తీసేయడం, అంతే.

సహసంబంధం అంటే రెండు విషయాలు కలిసి పెరగడం, తగ్గడం; దానికి ఉదాహరణగా వానాకాలం చాలు. గొడుగులు బాగా అమ్ముడుపోయిన రోజునే ట్రాఫిక్ జామ్ కూడా ఎక్కువ. గొడుగుల వల్ల జామ్ అయిందని ఎవరూ అనరు, రెండింటి వెనకా వాన ఉంది. ఇక సెన్సేషన్ అంటే కంటిమీద పడిన వెలుగును కన్ను పసిగట్టడం. బస్సు బోర్డు మీద సగం అక్షరాలు చెరిగిపోయినా ‘కోఠి’ అని చదివేస్తున్నామంటే, కన్ను అందించినదానికి మెదడు అర్థం చెప్పుకుంటోంది; అది పర్సెప్షన్. సంవత్సరాలు ఎక్కువ అక్కర్లేదు. 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ పెట్టిన సైకాలజీ ప్రయోగశాల, 1913లో వాట్సన్ రాసిన బిహేవియరిజం (పైకి కనిపించే ప్రవర్తననే చదవాలనే వాదం) వ్యాసం, 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ. ఈ మూడూ గుర్తుంటే మిగతావి వాటి చుట్టూ సర్దుకోవచ్చు.

ఇక చదివే పద్ధతి. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే నోట్సంతా పసుపు, గులాబీ రంగులు పూసి అదే పేజీని నాలుగోసారి చదివేవాళ్లు కనిపిస్తారు. పేజీ కళ్లకు అలవాటు పడుతుంది, అది వచ్చేసినట్టు అనిపిస్తుంది. మీ సిలబస్‌లోనే ఉన్న ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగం చేసుకుని, నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా జారిపోతుందని 1885లో చూపించాడు. కాబట్టి సాయంత్రం చదివిన జంటను మర్నాడు పొద్దున పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాయండి. నాలుగు రోజులాగి మళ్లీ రాయండి. రాయలేక ఆగిపోయిన చోటు మాత్రమే పుస్తకంలో చూడండి. భాష గురించి టెన్షన్ వద్దు. ముందు తెలుగులో అర్థం చేసుకుని, తర్వాత అదే ఉదాహరణను మూడు ఇంగ్లిష్ వాక్యాల్లో రాయడం ప్రాక్టీస్ చేయండి.

క్లినికల్ సైకాలజిస్ట్ కావడానికి సైకాలజీలో మామూలు డిగ్రీ, పీజీ సరిపోవు. ఆ పైన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ కోర్సు చేసి, కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి. మందులు రాసే సైకియాట్రిస్టు దారి వేరు, ఎంబీబీఎస్ చేసి తర్వాత ఎండీ చేయాలి. ఉస్మానియాలో సైకాలజీ పీజీ ఉంది, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి చేరాలి. పీజీలో చాలామంది వెనక్కి తగ్గేది స్టాటిస్టిక్స్ దగ్గర. మీకా ఇబ్బంది రాకుండా ఈ సెలవుల్లో తమ్ముడి పదో తరగతి లెక్కల పుస్తకం తీసుకుని సగటు, మధ్యగతం, బాహుళకం ఉన్న పాఠం చేసేయండి. ఈసారి పాఠం వాడు మీకు చెబుతాడు.