అమ్ములూ, ముందు బ్యాకప్ డిస్కులు కొను

చి. అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ ఆఫీసుకి కొత్త ఫైల్ సర్వర్, అంటే అందరి ఫైళ్లూ ఒకేచోట ఉంచే కంప్యూటర్, ఎంచే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో పొంగు దాగలేదు, నాకూ అంతే సంబరమైంది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదమ్మా. ఆడిటర్ గారి ఆఫీసంటే ఊళ్లో ఎందరివో లెక్కలు ఒక్క పెట్టెలో ఉంటాయి. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ప్రాసెసర్ గురించి బుర్ర పాడుచేసుకోకు, ఫైళ్లు అందించే పనికి ఇంటెల్ వాళ్ల సర్వర్ ప్రాసెసర్ జియాన్‌లో చిన్నది చాలు. ర్యామ్ 32 జీబీ, ఈసీసీ ఉన్నదే తీసుకో. ఒక బిట్ తారుమారైతే అదే దిద్దుకుంటుంది. విండోస్ సర్వర్ 2016 లైసెన్సు చవగ్గా ఇస్తామంటే వద్దను, దానికి 2027 జనవరితో సపోర్టు ఆగిపోతుంది. లెక్కలు రాసే ట్యాలీ డేటాకి రెండు ఎస్ఎస్‌డీలు మిర్రర్‌లో, అంటే రెండింట్లోనూ అదే డేటా ఉండేలా, పెట్టు, అందరూ ఒకేసారి తెరిచినా తట్టుకుంటాయి. ఆఫీసు కంప్యూటర్లని కలిపే గిగాబిట్ లైను మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది. ఎక్సెల్ షీట్లకీ పీడీఎఫ్‌లకీ అంతకంటే ఎందుకు? ఆ లైన్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె పది గిగాబిట్‌ది కొనమని ఎవరైనా ఊదరగొడితే ఆ డబ్బు తీసి పక్కన పెట్టు. దానితో పనుంది.

ఇక డిస్కులు. నువ్వు స్కూల్లో ఉన్న రోజుల్లో నేను సర్వీసుకి వెళ్లే ఒక ఆఫీసు ఉండేది. వాళ్లు నాలుగు డిస్కులు ఒకే షాపులో, ఒకే రోజు, ఒకే లాటులోవి కొని రెయిడ్ 5, అంటే డిస్కులన్నీ ఒక్కటిగా పనిచేసే అమరిక, పెట్టించారు. ఒక డిస్కు పోయినా మిగతా మూడూ లెక్కగట్టి డేటా ఇస్తాయి కదా, ఇక భయం లేదనుకున్నారు. బ్యాకప్ విడిగా పెట్టుకోమంటే, "రెయిడ్ ఉందిగా" అన్నారు. ఒకరోజు ఒక డిస్కు పోయింది, డిస్కుల్ని నడిపే కంట్రోలర్ కార్డు కీచుమని మొత్తుకుంది. రిటర్నుల సీజను, పనికి అడ్డమని ఎవరో ఆ చప్పుడు ఆపేశారు. ఎందుకు మోగుతోందో ఎవరూ అడగలేదు. అలా వారాలు గడిచాయి. ఫైళ్లు తెరుచుకోవడం ఆలస్యమవుతుంటే అప్పుడు నాకు కబురు పెట్టారు.

కొత్త డిస్కు పెట్టి, పోయినదాని డేటా అందులోకి తిరిగి ఎక్కించే రీబిల్డ్ మొదలుపెట్టాం. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కుల్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. మూడూ ఒకే వయసువి, ఒకే వేడిలో నలిగినవి. సగం దాటాక అందులో ఒకటి చేతులెత్తేసింది. అంతే. రికవరీ వాళ్లకి పంపితే ఫోల్డర్ల పేర్లు చక్కగా వచ్చాయి, లోపలి ఫైళ్లు చాలావరకు తెరుచుకోలేదు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన ఒకరు అక్కడ అకౌంట్లు చూసేవారు. వోచర్ల కట్టలు ముందేసుకుని, కుర్రాళ్లతో ఏడాది లెక్కలు మళ్లీ ఎక్కించారు. నేను వెళ్లినప్పుడల్లా, "ఏమన్నా వస్తుందా బాబూ" అని అడిగేవారు. పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేదనిపిస్తుంది నాకు ఇప్పటికీ.

ఇప్పటి డిస్కులు ఇంకా పెద్దవి. 8 టీబీ డిస్కుని సెకనుకి 200 ఎంబీ చొప్పున ఏ ఆటంకమూ లేకుండా చదివినా 11 గంటలు పడుతుంది. ఆఫీసు నడుస్తూ ఉంటే ఒక రోజు దాటినా ఆశ్చర్యం లేదు. చాలా డిస్కుల స్పెక్ కాగితంలోనే రాసి ఉంటుంది చూడు, కోటి కోట్ల బిట్లు చదివితే ఒక చోట చదవలేకపోవచ్చని. అంటే సుమారు 12.5 టీబీ. రీబిల్డ్‌లో మూడు 8 టీబీ డిస్కులు చదివితేనే 24 టీబీ అవుతుంది. అందుకే రెయిడ్ 5 మాట ఎత్తకు. నాలుగు డిస్కులతో రెయిడ్ 6 పెట్టు, రెండు పోయినా నిలబడుతుంది. డిస్కులు సీఎంఆర్ రకమే కావాలి, వాటిలో డేటా వరసలు విడివిడిగా ఉంటాయి. వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కే ఎస్ఎంఆర్ డిస్కులు రీబిల్డ్‌లో నత్తనడక నడుస్తాయి. నాస్ కోసమని, అంటే నెట్‌వర్కులో ఫైళ్లు దాచే పెట్టెల కోసమని, అమ్మిన తమ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని వెస్టర్న్ డిజిటలే 2020లో చెప్పాల్సి వచ్చింది. పెట్టె మీది బొమ్మ కాదు, మోడల్ నంబరు చూడు. రెండు ఒక షాపులో, రెండు ఇంకో షాపులో కొను. ఒకటి అదనంగా తెచ్చి బీరువాలో ఉంచు. డిస్కు చెడిపోయిందన్న మెయిల్ నీ ఫోన్‌కే వచ్చేలా పెట్టుకో, ఇంకెవరి మీదా వదలకు.

స్విచ్ డబ్బుతో రెండు బ్యాకప్ డిస్కులు కొను. ఒకటి ఆఫీసులో ఉంటే రెండోది ఎవరో ఒకరి ఇంట్లో ఉండాలి, వారం వారం మార్చుకోవాలి. బ్యాకప్ తీసుకునేటప్పుడు తప్ప సర్వర్‌కి తగిలించి ఉంచొద్దు. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లూ కొన్ని చిక్కుకున్నాయి. అలాంటిది సర్వర్లోకి దూరితే దానికి తగిలించిన డిస్కునీ వదలదు. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఒక పాత ఫోల్డర్ వేరే కంప్యూటర్లోకి తెచ్చి, ఫైళ్లు తెరిచి చూడు. కంపెనీలు లెక్కల పుస్తకాలు 8 ఏళ్లు దాచాలని చట్టం. 2022 నుంచి రోజువారీ బ్యాకప్ కూడా ఇండియాలోని సర్వర్లోనే ఉండాలి. మీ సార్‌కి ఈ ఖర్చు ఎందుకో అనిపిస్తే ఈ రెండు మాటలు చెప్పు, ఒప్పుకుంటారు.

పాత సర్వర్ మెట్ల కింద పెట్టారటగా? అదేం చోటమ్మా! గుంటూరు మే నెలలో ఏసీ ఆపేసి అందరూ ఇళ్లకి పోయాక ఆ డిస్కులు ఎంత ఉడికిపోతాయో ఆలోచించావా? గాలి ఆడే గదిలోకి మార్పించు. ఆన్‌లైన్ యూపీఎస్ కొని, దాని యూఎస్‌బీ వైరు సర్వర్‌కి తగిలించు, బ్యాటరీ అడుగంటేలోపు తనంతట తనే షట్‌డౌన్ అయ్యేలా. పాత సర్వర్‌ని అప్పుడే అమ్మేయకండి.

శనివారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తున్నావట. ఒక్క షాపు మాట విని కొనేయకు. డిస్కుల మోడల్, సీరియల్ నంబర్లు బిల్లులో రాయించు, వారంటీకి అవే ఆధారం. డబ్బు కట్టేముందు కొటేషన్ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. ఎంత రాత్రయినా చూసి చెప్తాను. ఎండలో తిరుగుతావు, మధ్యాహ్నం భోజనం మానేయకు తల్లీ.

మీ పెదనాన్న