చిల్లరలో టంకశాల తప్పులు

నరసాపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దుకాణపు గల్లాపెట్టెలోకి వచ్చే చిల్లరలో టంకశాల తప్పులున్న నాణేలను ఎలా పోల్చుకోవాలని అడిగావు. ఏళ్ల తరబడి రేవు దగ్గర కిరాణా కొట్టు నడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను: వింతగా కనిపించిన ప్రతి బిళ్లా టంకశాలలో తప్పినది కాదు. అచ్చు పడినప్పుడు జరిగినదేదో, జనం చేతుల్లో పడ్డాక జరిగినదేదో విడదీయడమే ఇందులో అసలు పని.

నాణెం మీద బొమ్మను కొట్టే అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం ఎక్కుతుంది గనుక నాణెం మీద గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. మేకు గీసిన గీత లోపలికి దిగి ఉంటుంది. పొద్దుటి ఏటవాలు ఎండలో, భూతద్దం కింద నాణేన్ని మెల్లగా తిప్పి చూడు.

అంచు కొరికినట్లున్న బిళ్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. రేకులోంచి బిళ్లలు కోసేటప్పుడు రేకు సరిగా ముందుకు జరగకపోతే, మునుపటి రంధ్రం మీదే కొంత కోత పడి కొత్త బిళ్లకు నెలవంకలాంటి వెలితి ఏర్పడుతుంది. ఆ తరువాత బిళ్ల అంచు చుట్టూ ఉబ్బెత్తు గట్టు తేల్చే యంత్రంలో ఆ వెలితికి సరిగ్గా ఎదుటి వైపున ఒత్తిడి అందదు కాబట్టి అక్కడ గట్టు పలచబడుతుంది. అరగదీసిన నాణేనికి ఎదుటి గట్టు నిండుగానే ఉంటుంది. ఇది తెలియని రోజుల్లో అంతర్వేది తీర్థంలో ఒకరి దగ్గర అలాంటి రెండు రూపాయల బిళ్లను మూడు వందలకు కొన్నాను. ఇంటికి వచ్చి చూస్తే కోత పొడవునా ఆకురాయి గీతలు వరుసగా కనిపించాయి.

నాణేన్ని పైఅంచూ కిందిఅంచూ వేళ్ల మధ్య పట్టుకుని పక్కకు తిప్పితే, మన నాణేలకు రెండో ముఖం కూడా నిటారుగా నిలవాలి. బాగా ఒరిగితే అచ్చు తిరిగినట్లు. కాస్త వాలితే పట్టించుకోకు. కొట్టిన నాణెం అచ్చుకే అంటుకుపోతే, తరువాతి బిళ్ల మీద దాని ముఖం అద్దంలోలా తిరగబడి, లోతుగా పడుతుంది. అలాంటిది దొరికితే అది నిజంగా అపురూపం.

ఏ టంకశాలలో కొట్టారో తెలిపే గుర్తు కూడా నాణెం మీద ఉంటుంది: సంవత్సరం కింద చుక్క గుర్తుంటే నోయిడా, నక్షత్రమైతే హైదరాబాదు, వజ్రాకారమైతే ముంబయి. ఏ గుర్తూ లేనిది కోల్‌కతా నాణెం, దానిని తప్పుగా ఎంచవద్దు.

ఏది దొరికినా చింతపండుతో తోమవద్దు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి, పాత నాణేలు కొంటామని ముందుగా రుసుము అడిగేవారికి పైసా పంపవద్దు. అలాంటి మోసాల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. అనుమానమున్న బిళ్లలను విడివిడిగా కాగితంలో చుట్టి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య