స్నేహితురాలి ఇంట్లో బస, లెక్క మాత్రం యూరోల్లో

ప్రశ్న: మాది విజయవాడ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వచ్చే నెల ఆఫీసు పని మీద ఆరు వారాలు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉండాలి. అక్కడి నుంచి ఒక శని, ఆదివారాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. తను పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే. రెండేళ్ల కిందట మా ఆఫీసులో పనిచేసినప్పుడు సంక్రాంతికి మా ఇంటికి తీసుకెళ్లాను. వారం ఉంది. అమ్మ రోజూ వండి పెట్టింది. బయటికి వెళ్తే నాన్న ఒక్క బిల్లు కూడా తనను కట్టనివ్వలేదు. ఇప్పుడేమో తను ‘మా ఇంట్లోనే ఉండు, బయట ఖర్చులు టిక్కీలో పంచుకుందాం’ అని మెసేజ్ పెట్టింది. చదవగానే మనసు చివుక్కుమంది. ఇంత లెక్కలుంటే హోటల్లోనే దిగితే పోలా అనిపిస్తోంది. మొత్తం ఎంత అవుతుంది? కార్డు మేలా, నోట్లు మేలా? ఈ నెల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే పెట్టుబడి) ఆపి ఆ డబ్బు వాడుకోవచ్చా? టీసీఎస్ (విదేశాలకు వెళ్లే డబ్బు మీద ముందే పట్టుకునే పన్ను) పడుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ చివుక్కు సంగతి చూద్దాం. అది తేలకపోతే మీరు హోటల్లో దిగుతారు, బడ్జెట్ రెట్టింపు దాటుతుంది.

మనం ఫోన్‌పేలో డబ్బు అడుగుతూ రిక్వెస్ట్ పెడతామే, టిక్కీ కూడా దాదాపు అదే. ఏబీఎన్ ఆమ్రో అనే డచ్, అంటే నెదర్లాండ్స్ బ్యాంకు 2016లో తెచ్చింది. బిల్లు ఒకరు కట్టేస్తారు, మిగతావాళ్లకు వాళ్ల వాటా లింకు వాట్సాప్‌లో వస్తుంది. నాలుగు యూరోల కాఫీకైనా పంపుతారు. పంపినవాళ్లకు మొహమాటం ఉండదు, అందుకున్నవాళ్లకు కోపం రాదు. స్నేహితుల మధ్య చిల్లర బాకీలు నానకుండా చూసుకోవడం అక్కడి పద్ధతి. ఇంట్లో వండి పెట్టినదానికి మాత్రం మామూలుగా ఎవరూ డబ్బు అడగరు. మీ స్నేహితురాలు ‘బయట ఖర్చులు’ అని రాసింది, గమనించారా? బసకు, ఇంట్లో భోజనానికి డబ్బు అన్న మాటే లేదు. అవి తన ఖాతాలో వేసుకున్నట్టే.

ఆ ఖాతా ఎంతో చూడండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో వారాంతంలో ఓ మాదిరి హోటల్ గది రాత్రికి 150 యూరోలు అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. గది అద్దె మీద నగరం 12.5 శాతం పర్యాటక పన్ను వేస్తుంది. దానికి తోడు 2026 జనవరి నుంచి నెదర్లాండ్స్‌లో బస మీద వ్యాట్ 9 నుంచి 21 శాతానికి పెరిగింది. రెండు రాత్రులకు ఎలా లేదన్నా 300 యూరోలు దాటుతుంది. ఈ మధ్య యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి ముప్పై వేల పైమాటే. అంత సాయం చేస్తున్న మనిషిని కాఫీ డబ్బులు పంచుకుందామన్నందుకు తప్పు పట్టలేం. ఇక సంక్రాంతికి మీ అమ్మగారు పెట్టిన భోజనాలు ఎప్పుడో ఖర్చు రాసేసిన పద్దు. దాన్ని ఇప్పుడు రావలసిన బాకీల్లోకి తేకండి. మీ నాన్నగారు ఆ రోజు తిరిగి వస్తుందని కట్టలేదు కదా.

అసలు చిక్కు వేరే ఉంది. టిక్కీ లింకు నొక్కితే చెల్లింపు ఐడీల్ అనే వ్యవస్థ ద్వారా జరుగుతుంది, దానికి డచ్ బ్యాంకు ఖాతా కావాలి. మీకు ఉండదు. తను పంపుతూ ఉంటుంది, మీరు ‘తర్వాత ఇస్తాను’ అంటూ ఉంటారు, ఆదివారం సాయంత్రానికి అవి ఓ ఏడెనిమిది లింకులవుతాయి. అప్పుడు మొహమాటపడాల్సింది తను కాదు, మీరు. ఇక్కడి నుంచి ముప్పై యూరోలు బ్యాంకు ద్వారా పంపితే రుసుములకే ఓ కాఫీ డబ్బులు పోతాయి.

కాబట్టి బయల్దేరే ముందే ఒక మెసేజ్ పెట్టండి: ‘నాకు టిక్కీ కుదరదు. మ్యూజియం టికెట్లు, శనివారం రాత్రి భోజనం నేను కడతాను. మిగతావి నువ్వు కట్టు. ఆదివారం రైలెక్కే ముందు కూర్చుని తేడా చూసుకుందాం.’ మీరు కట్టేవి పెద్ద మొత్తాలు, కార్డు మీద పోయేవి. తనవి చిన్నవి, రోజుకు పదిసార్లు వచ్చేవి. చివర్లో తేడా పది, పదిహేను యూరోలకు మించదు, నోట్లలో ఇచ్చేయొచ్చు. అన్నీ నేనే కడతానని మాత్రం పట్టుబట్టకండి. మన దగ్గర బిల్లు కోసం జరిగే పెనుగులాట ముచ్చటగానే ఉంటుంది, అక్కడ అది అవతలివాళ్లను ఇరుకున పెడుతుంది.

మ్యూజియం టికెట్లు కొనే ముందు ఒక మాట అడగండి. డచ్‌వాళ్లలో చాలామంది దగ్గర ఏడాది మ్యూజియం కార్డు ఉంటుంది. తన దగ్గర ఉంటే మీరు ఒక్క టికెట్టే కొనాలి. రైక్స్‌మ్యూజియం, వాన్ గో మ్యూజియం ఒక్కోటీ పాతిక యూరోలకు దరిదాపు. రెండు రోజుల్లో ఒకటి చాలు, రెండూ చూడాలనుకుంటే కాళ్లూ పర్సూ రెండూ అలిసిపోతాయి. నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన బాలిక యాన్ ఫ్రాంక్ ఇల్లు చూడాలని ఉంటే ఇప్పుడే మేల్కోండి. టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు. ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి వారానికి సంబంధించినవి విడుదల చేస్తారు, చూస్తుండగానే అయిపోతాయి. తలుపు దగ్గర నిలబడితే దొరకదు. ‘క్యూ లేకుండా’ అని ఎక్కువ ధరకు అమ్మే మధ్యవర్తుల సైట్ల జోలికి పోకండి.

ఇక మొత్తం. 250 యూరోలు పక్కన పెట్టండి. యూరో 105 రూపాయల చొప్పున ఇరవై ఆరు వేల చిల్లర. ఇందులో డ్యూసెల్‌డార్ఫ్ నుంచి రానూపోనూ రైలుకు 80 వేశాను. రెండుంబావు గంటల ప్రయాణం, ముందుగా బుక్ చేస్తే ఇంతకంటే తక్కువకే రావచ్చు, ఆఖరి వారం దాకా ఆగితే ఒకవైపుకే ఇంత పడొచ్చు. జర్మన్ రైల్వేలో అతి చవక టికెట్ రద్దు చేస్తే పైసా వెనక్కి రాదు. ఆఫీసు పనిలో శుక్రవారం సాయంత్రాలను నమ్మలేం కాబట్టి, కొంచెం ఎక్కువైనా రద్దు చేసుకునే వీలున్న ‘సేవర్ ఫేర్’ టికెట్టే మీకు నా సలహా. మ్యూజియానికి 25, శనివారం రాత్రి ఇద్దరి భోజనానికి 70, ట్రామ్‌కో అద్దె సైకిల్‌కో 20, కాఫీలు, మధ్యాహ్న భోజనాలకు 35. మిగిలిన 20 చేతిలో ఉంచుకోండి.

ఆ 70లో మంచి రెస్టారెంట్‌కు వెళ్లొచ్చు. నన్నడిగితే ఏదైనా సురినామీ రోటీ హోటల్‌కు తీసుకెళ్లమని తనతో చెప్పండి. దక్షిణ అమెరికాలోని సురినామ్ ఒకప్పటి డచ్ వలస. 1873లో లల్లా రూఖ్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి విడత భారతీయ ఒప్పంద కూలీలను అక్కడికి చేర్చింది. 1975లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో వాళ్ల వారసులు ఎందరో నెదర్లాండ్స్‌కు వలస వచ్చారు. అలా మన రోటీ, బంగాళాదుంప కూర మూడు ఖండాలు తిరిగి ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లోకి చేరాయి. కోడికూరతోనో, కూరగాయలతోనో ఒక ప్లేటు కడుపు నింపుతుంది, పెద్ద రెస్టారెంట్‌లో ఒకరి భోజనానికి అయ్యే డబ్బుతో ఇక్కడ ఇద్దరూ తినొచ్చు.

డబ్బు పెట్టకుండా దొరికేవీ ఉన్నాయి. సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి ఐ అనే జలమార్గం దాటించే పడవలకు టికెట్ లేదు. ఆల్బర్ట్ కైప్ సంత ఆదివారం ఉండదు, శనివారమే వెళ్లండి.

కార్డు దగ్గరకు వద్దాం. నోట్లు 50 యూరోలకు మించి అక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎన్నో కెఫేలు, బేకరీలు నోట్లు తీసుకోవు, కార్డు మాత్రమే అని బోర్డు పెడతాయి. మన మామూలు క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ మార్కప్, అంటే విదేశీ కరెన్సీ ఖర్చు మీద వేసే అదనపు రుసుము, 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 శాతం. 200 యూరోలు గీకితే ఎనిమిది యూరోలు గాలికి పోయినట్టే. మార్కప్ లేని కార్డు మీ దగ్గర ఉంటే అదే వాడండి. లేదంటే ఫారెక్స్ కార్డు తీసుకుని అందులో యూరోలే వేయించండి. ఏజెంటు డాలర్లు వేస్తానంటే ఒప్పుకోవద్దు. డాలర్ కార్డుతో యూరో ఖర్చు చేస్తే మళ్లీ మార్పిడి రుసుము పడుతుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నోట్లు తీయడమంటే తీసిన రోజు నుంచే వడ్డీ.

షాపులోనో ఏటీఎంలోనో మెషీన్ ‘రూపాయల్లో కడతారా, యూరోల్లోనా?’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయల్లో చూపించే ఆ సౌకర్యం వెనక వాళ్లు వేసుకునే మారకం రేటు మీ బ్యాంకు రేటు కంటే చాలా ఎక్కువ. నోట్లు తీయాల్సి వస్తే డచ్ బ్యాంకుల ఉమ్మడి పసుపురంగు ఏటీఎం, పేరు గెల్డ్‌మాట్, వెతకండి. పర్యాటకులు తిరిగే సందుల్లో మెరిసే ప్రైవేటు ఏటీఎంలు విడిగా రుసుము లాగుతాయి.

ట్రామ్, మెట్రో, దేశం లోపల తిరిగే రైలు అన్నింటికీ అక్కడ కాంటాక్ట్‌లెస్ కార్డు ఆనిస్తే చాలు, వీసా, మాస్టర్‌కార్డ్ పనిచేస్తాయి. ఎక్కేటప్పుడు ఆనించిన కార్డునే దిగేటప్పుడూ ఆనించాలి. ఎక్కేటప్పుడు ఫోను, దిగేటప్పుడు ప్లాస్టిక్ కార్డు అంటే కుదరదు. రైలు దిగాక మరిచిపోతే 20 యూరోలు పోతాయి.

సిప్ ఆపకండి. ఇరవై ఆరు వేల కోసం నడుస్తున్న పెట్టుబడిని కదిలిస్తే రేపు ప్రతి సరదాకూ అదే దారి అవుతుంది. ఈ మొత్తంలో సగం వచ్చే జీతంలోంచి, మిగతా సగం ఆ పై జీతంలోంచి విడిగా ఉంచండి. ఆఫీసు ఇచ్చే రోజువారీ భత్యం మిగిలితే సంతోషం, కానీ దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయొద్దు. కొన్ని కంపెనీలు చివర్లో బిల్లులు అడుగుతాయి. టీసీఎస్ భయం లేదు, ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపే డబ్బు, ఫారెక్స్ కలిపి పది లక్షలు దాటినప్పటి మాట అది.

ఆఫీసు తీసిన ప్రయాణ బీమా సెలవు రోజుల సొంత ప్రయాణానికి, జర్మనీ బయట కూడా వర్తిస్తుందా అని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంజెన్ వీసాతో నెదర్లాండ్స్ వెళ్లడానికి అడ్డేమీ లేదు. అయితే ఈ మధ్య రెండు దేశాలూ సరిహద్దులో తనిఖీలు పెట్టాయి, అసలు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి, జిరాక్స్ చాలదు.

కానుక ఊరికి దగ్గరదే తీసుకెళ్లండి, కొండపల్లి బొమ్మో మంగళగిరి నూలు చున్నీనో. అమ్మగారు కోవా స్వీట్లు, చికెన్ పచ్చడి కడతానంటే వద్దనండి, పాలు, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి ప్రయాణికులు తేకూడదు.

ఇవాళ చేయాల్సిన పని ఒకటుంది. బ్యాంకు యాప్ తెరిచి మీరు తీసుకెళ్లే కార్డుకు విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్, ఆన్‌లైన్ ఈ మూడూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో ఇవి మూసే వస్తాయి, ఒక్కోదాన్నీ విడిగా తెరవాలి. మ్యూజియం టికెట్లు హైదరాబాద్‌లో ఉండగానే కొనేయండి. ఓటీపీ వచ్చే మీ ఇండియా నంబరుకు రోమింగ్ ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి.