ఫోర్క్ సీల్ మళ్ళీ మళ్ళీ కారుతోందా, కొత్త బ్యాటరీ దిగిపోతోందా? మార్చేముందు కొలిచి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదేళ్ళు దాటిన 150 సీసీ బండి. గుణుపురం చుట్టుపక్కల ఊళ్ళకు సరుకు వేస్తారు. ముందు చక్రం కుదుపులు మింగే గొట్టాల్లో కుడిది, అంటే కుడి ఫోర్క్ నుంచి ఆయిల్ కారుతోంది, దాన్ని ఆపే రబ్బరు సీల్ మార్చినా నెలకే మళ్ళీ మొదలైంది. కొత్త బ్యాటరీ మూడు నెలలకే సెల్ఫ్ తిప్పలేకపోతోంది. మెకానిక్ ఫోర్కుల సెట్టూ, వైరింగ్ కిట్టూ మొత్తం మార్చమన్నాడు, ఇంట్లో చేసుకోగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

ఉందండి, చాలా ఉంది. రాయగడలో మా ఇంటి వరండాలో ఈ రెండు పనులూ నేనే చేసుకున్నాను. నాదీ మీలాంటి బండే, మీలాంటి తిరుగుడే. వారానికి మూడు రోజులు వెనక మూటలు కట్టుకుని లక్ష్మీపురం ఘాట్ మీదుగా సంతలకు వెళ్తాను. ఒక్క ఏడాదిలో రెండు బ్యాటరీలు కొన్నాను, రెండుసార్లు సీళ్ళు వేయించాను. దుకాణంలో ప్రతిసారీ పాడైన వస్తువు తీసి కొత్తది వేశారు తప్ప, అది ఎందుకు పాడైందో ఎవరూ చూడలేదు. నేనూ అడగలేదు. రెండో బ్యాటరీ కూడా పోయినప్పుడు మా మావయ్య వచ్చి కూర్చున్నాడు. ఆయన ఎలక్ట్రికల్ పనిలో రిటైరైన మనిషి. బండిని ముట్టుకోకుండానే, "మీటరేదిరా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే ఇన్నాళ్ళూ దేన్ని చూసి మార్చావు?" అన్నాడు. ఆ సాయంత్రమే బజారుకెళ్ళి మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి తెచ్చాను. మీరూ ముందు అదే కొనండి.

ఛార్జింగ్ నుంచే మొదలుపెట్టండి. దానికి బండి విప్పక్కర్లేదు. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే, తాళం తిప్పకముందు, బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య డీసీ వోల్టులు చూడండి. నిండుగా ఉంటే 12.6 నుంచి 12.8 దాకా ఉంటుంది. 12.4 అంటే ముప్పావు వంతు. 12.0 దగ్గరుంటే దాదాపు ఖాళీ అయినట్టే. తర్వాత స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ వేసి, నాలుగైదు వేల ఆర్‌పీఎమ్ దగ్గర పట్టుకుని చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు, అది బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. 13 కూడా దాటకపోతే తయారవుతున్న కరెంటు బ్యాటరీదాకా రావట్లేదని అర్థం. నాకు 12.9 వచ్చింది. అంటే నేను కొన్న రెండు బ్యాటరీలదీ తప్పు కాదు, వాటికి తిండి అందలేదు. లెడ్ బ్యాటరీ ఎక్కువకాలం సగం ఆకలితో ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పూర్తిగా కోలుకోదు.

ఇంజన్ పక్కన మ్యాగ్నెట్ తిరుగుతుంటే స్టేటర్ కాయిల్‌లో ఏసీ పుడుతుంది. అక్కడి నుంచి తీగలు, చాలా బళ్ళలో మూడు పసుపు తీగలు, రెగ్యులేటర్‌కు వెళ్తాయి. అదే ఏసీని డీసీ చేస్తుంది, ఎక్కువైనది వేడి కింద వదిలేస్తుంది. రెగ్యులేటర్‌కు రెక్కలుండటం, దాన్ని గాలి తగిలేచోట బిగించడం అందుకే. స్టేటర్‌కూ రెగ్యులేటర్‌కూ మధ్య తీగలను కలిపే ఒక ప్లాస్టిక్ కప్లర్ ఉంటుంది. నేను సీటు, సైడ్ ప్యానెల్ తీసి ఆ కప్లర్ విడదీయబోతే ఒక పట్టాన రాలేదు. వచ్చాక చూస్తే తెల్ల ప్లాస్టిక్ ఒక మూల కాఫీపొడి రంగుకు తిరిగింది. మూడు పిన్నుల్లో ఒకటి నల్లగా మాడింది, దాని చుట్టూ ఆకుపచ్చ పొడి పేరుకుంది. పసుపు తీగ పైతొడుగు అంగుళం మేర గట్టిపడి, వంచితే పెళుసుగా విరిగింది. మూడు దారుల్లో ఒకటి దాదాపు మూసుకుపోయింది, మిగతా రెండింటి మీదే బండి నడుస్తోంది.

అక్కడే స్టేటర్ కూడా పరీక్షించాను. కప్లర్ విడిగా ఉండగా స్టేటర్ వైపు ఒక్కో జత తీగల మధ్య ఓమ్స్, అంటే నిరోధం చూస్తే ఒకటికి లోపు, మూడు జతలకూ ఒకేలా వచ్చింది. ఏ తీగకూ బాడీకీ మధ్య కలయిక ఉండకూడదు, లేదు. ఇంజన్ తిప్పి ఏసీ చూస్తే మూడు జతల్లోనూ ఇంచుమించు 45 వోల్టులు. మీకు ఎంత రావాలో మీ బండి మాన్యువల్ చెబుతుంది, మూడూ సమానంగా ఉండటం ముఖ్యం. ఈ పరీక్ష పొడి చేతులతో చేయండి. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ తీగ మాత్రం ఎప్పుడూ పీకకండి.

మాడినంత మేర తీగ కత్తిరించి, ఇత్తడి పిన్నులతో కొత్త కప్లర్ వేశాను. పిన్నులు క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కి, పైన హీట్ ష్రింక్ ట్యూబ్ తొడిగాను. తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దండి. మన కోరాపుట్ వానలకు ఆ టేపు కింద నీళ్ళు నిలిచి మళ్ళీ అదే కథ. ఇంకో పని మావయ్య చేయించాడు. ఇంజన్ తిరుగుతుండగా రెగ్యులేటర్ నెగటివ్ తీగకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టులు చూడమన్నాడు. 0.2 లోపు ఉండాల్సింది 0.6 వచ్చింది. ఎర్త్ బోల్టు కింద తుప్పు. దాన్ని గీకి, పైగా రెగ్యులేటర్ నెగటివ్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు నేరుగా ఒక లావు తీగ అదనంగా వేశాం. పాజిటివ్ వైపు కూడా అలా వేయాలనిపిస్తే మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు లేకుండా వేయకండి. అంతా అయ్యాక హెడ్‌లైట్‌తో 14.2. ఆ అంకె చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తే.

బండి ఆపి ఉంచినా దిగిపోతుంటే వేరే సంగతి. తాళం తీసేసి, నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మీటర్‌ను 10 ఆంపియర్ల వైపు పెట్టి చూడండి. కొద్ది మిల్లీ ఆంపియర్లకు మించితే ఎక్కడో తాగేస్తోంది. బండి కొన్నాక బయట తగిలించుకున్న హారన్, మొబైల్ ఛార్జర్, అలారం, వీటినే ముందు అనుమానించండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి.

ఇక ఫోర్క్. దీని దగ్గర నిదానం కావాలి. సీల్ మీద అనుమానపడే ముందు, దాని పైన దుమ్ము ఆపే డస్ట్ సీల్ పైకి లేపి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క వంకీలా కత్తిరించి, సీల్ అంచు కిందికి దూర్చి చుట్టూ తిప్పండి. ఒక్కోసారి మట్టి రేణువు ఇరుక్కుని అంచును ఎత్తిపెడుతుంది, అది వచ్చేస్తే కారడం ఆగిపోతుంది. పది నిమిషాల పని. నా బండికి ఆగలేదు. మీకు నెలకే తిరగబెట్టింది కాబట్టి మీకూ ఆగకపోవచ్చు.

అప్పుడు రాడ్డు, అంటే ఫోర్క్ పైభాగంలో మెరిసే క్రోమ్ గొట్టం చూడాలి. గుడ్డతో శుభ్రంగా తుడిచి, సీల్ తిరిగే మేర గోరు పెట్టి పైనుంచి కిందికి నెమ్మదిగా లాగండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ క్రోమ్ లేచి గుంట పడినట్టు. నా రాడ్డుకు సీల్ పైన నాలుగు వేళ్ళ ఎత్తులో ఆవగింజంత గుంట ఒకటి, దాని పక్కన తుప్పు చుక్కలు. గుంతలో చక్రం పడి ఫోర్క్ దిగిన ప్రతిసారీ ఆ గుంట అంచు సీల్ పెదవిని కోస్తోంది. దీన్ని వదిలేసి ఎన్ని సీళ్ళు వేసినా అంతే. చిన్న చుక్కలైతే 2000 నంబరు వాటర్ పేపర్‌ను నూనెలో తడిపి, రాడ్డు చుట్టూ అడ్డంగా రుద్దండి. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంటే ఆయిల్ పైకి పాకుతుంది. గుంట ఉంటే ఎరాల్డైట్ జిగురు నింపి, ఎండాక సమం చేస్తే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. పెద్దదైతే రాడ్డు మార్చాల్సిందే. నేను కుడి రాడ్డు పార్వతీపురం నుంచి తెప్పించాను, ఎడమది రుద్దితే సరిపోయింది. రెండింటినీ అద్దం మీద పెట్టి దొర్లించి, వంపు లేదని చూసుకున్నాకే బిగించాను. మొత్తం సెట్టు మార్చనక్కర్లేదని మీకు ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే.

విప్పేటప్పుడు డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లో ఉండేలా ఇంజన్ కింద కట్టె పెట్టండి. ఫోర్కులు బండికే ఉండగా పైన మూత బోల్టులూ, అడుగున ఎలన్ బోల్టూ ఒక్క చుట్టు వదులు చేసుకోండి. స్ప్రింగ్ ఒత్తిడి ఉంటేనే లోపలి డ్యాంపర్ రాడ్డు తిరగకుండా నిలబడుతుంది. తర్వాత చేద్దామంటే బోల్టుతోపాటు అదీ తిరుగుతూనే ఉంటుంది, నేను ఒక పూటంతా దాంతోనే పడ్డాను. బ్రేక్ కాలిపర్‌ను హోస్ మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. మూత చివరి మరకు వచ్చేసరికి అరచేత్తో అదిమిపట్టి, మొహం పక్కకు పెట్టుకోండి, కింద స్ప్రింగ్ ఉంది. నా ఫోర్క్ లోంచి వచ్చిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది, కుళ్ళిన చేపల కంపు. ఆ రంగు అంటే నీళ్ళు కలిసినట్టు.

కొత్త సీల్ దించేముందు రాడ్డు కొసకు పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి, ఫోర్క్ ఆయిల్ రాసి జార్చండి. లేకపోతే రాడ్డు కొస అంచే సీల్‌ను కోస్తుంది. సన్న స్ప్రింగ్ ఉన్న వైపు కిందికి, అంకెలున్న వైపు పైకి. పాత సీల్ పైన పెట్టి, సరిపడే పీవీసీ పైపు ముక్కతో అన్ని వైపులా సమంగా కొట్టి దించాను. అడుగు బోల్టు కింద రాగి వాషర్ కొత్తది వేయండి.

ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయండి. ఇంజన్ ఆయిల్ పోసేవాళ్ళున్నారు, నాకది నచ్చదు. మిల్లీలీటర్లు కొలిచి పోశాక కూడా ఎత్తు సరిచూడండి. స్ప్రింగ్ బయట ఉంచి, రాడ్డు పూర్తిగా కిందికి దింపి, పైఅంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలవాలి. మందుల షాపులో సిరంజీ, సెలైన్ ట్యూబు కొనుక్కుంటే ఎక్కువైంది లాగేయవచ్చు. రెండు కాళ్ళలోనూ ఒకే ఎత్తు ఉండాలి. ఆయిల్ డిస్క్ మీదికి కారి ఉంటే ప్యాడ్లు తడిశాయేమో చూడండి. తడిసిన ప్యాడ్లు కడిగి వాడకండి, మార్చేయండి. ఘాట్‌లో దిగేటప్పుడు ప్రాణం వాటి మీదే ఉంటుంది.

ఈ రెండు రోగాలూ ఒకదానికొకటి చుట్టాలేనండి. ఆయిల్ లేని ఫోర్క్ ప్రతి గుంతలోనూ అడుక్కి కొట్టుకుంటుంది. ఆ దెబ్బ బ్యాటరీ ప్లేట్లకూ, వదులుగా వేలాడే కప్లర్‌కూ తగులుతుంది. అందుకే కప్లర్‌ను ఫ్రేమ్‌కు ట్యాగ్‌తో కట్టేశాను. బ్యాటరీ కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పరిచాను.

బరువు సంగతి. సరుకు వేస్తాం కదా అని లావు తీగ స్ప్రింగులు వేయించుకోమని ఎవరైనా చెబితే ఆగి ఆలోచించండి. చుట్లూ, వెడల్పూ అవే ఉండి తీగ పదో వంతు లావెక్కితే స్ప్రింగ్ దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిపడుతుంది. ఖాళీ బండి మీద నడుము నిలవదు. వెనక షాకబ్సార్బర్ నాచ్‌లు సరుకు ఉన్నప్పుడు పెంచండి, దించాక తగ్గించండి. దాంతో స్ప్రింగ్ గట్టిపడదు, బండి వెనకభాగం ఎత్తు సరి అవుతుంది. అది కూలబడి ఉంటేనే హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, మలుపుల్లో హ్యాండిల్ తేలిపోతుంది. ముందు ఫోర్క్ ఎంత దిగుతోందో రాడ్డుకు చిన్న ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి చూడండి. మీరు కూర్చున్నప్పుడు మొత్తం కదలికలో పావు నుంచి మూడో వంతు లోపు దిగితే బాగున్నట్టు. 130 మిల్లీమీటర్ల కదలిక ఉంటే 40 దగ్గర. వెనకది గ్యాస్ నింపిన షాకబ్సార్బర్ అయితే ఇంట్లో విప్పకండి, లోపల నైట్రోజన్ ఒత్తిడిలో ఉంటుంది. అది కారితే కొత్త జత వేయడమే. బుష్‌లు మాత్రం మీరే మార్చుకోవచ్చు.

శీతాకాలం పొగమంచుకు ఫాగ్ లైట్లు పెట్టాలనుందని రాశారు. 40 వాట్లంటే 12 వోల్టుల దగ్గర మూడు ఆంపియర్లకు పైనే. ముందు 35 వాట్ల హెడ్‌లైట్, వెనక దీపం, ఇగ్నిషన్, ఇవన్నీ కలిపి స్టేటర్ ఇవ్వగలిగిన వాట్లతో పోల్చుకోండి, ఆ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. రిలే (చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటు నడిపే డబ్బీ), ఫ్యూజు పెట్టి బిగించాక మళ్ళీ మీటర్ పెట్టండి. అన్నీ వెలుగుతుండగా 13.5 కన్నా తగ్గితే ఒక దీపం తీసేయండి.

ఈ ఆదివారం కప్లర్ ఒక్కటి విప్పి చూడండి. పొద్దున ఆగి ఉన్నప్పటి వోల్టులు, హెడ్‌లైట్‌తో నాలుగు వేల దగ్గర వోల్టులు, మూడు పసుపు తీగల మధ్య ఏసీ, ఈ అంకెలు ఇక్కడే రాస్తే తప్పు స్టేటర్‌దో, రెగ్యులేటర్‌దో, మధ్య తీగదో చెబుతాను. కుడి రాడ్డు మీద గోరు ఎక్కడ తట్టుకుందో కూడా రాయండి.