ఏ జెండా పట్టనివాళ్ల ఓటు

చి. లలితకి పెద్దమ్మ ఆశీస్సులు.

పోయినసారి క్యూలో నిలబడ్డాక కూడా ఎవరికి వేయాలో తేలలేదనీ, ముందున్నావిడ ఏదో అంటే అటే నొక్కేశాననీ ఫోన్‌లో చెప్పి నవ్వావు. సిగ్గుపడకు. నేను నాలుగు ఎన్నికల్లో పోలింగ్ డ్యూటీ చేశాను. అట్టల చాటున మిషన్ ముందు ఎంతకీ కదలని కాళ్లు చాలా చూశాను. పార్టీ అభిమాని వెళ్తే క్షణంలో బీప్ వస్తుంది. నీలాంటివాళ్లకే నిమిషం పడుతుంది. కొందరైతే పార్లమెంటుది నొక్కేసి అసెంబ్లీది మర్చిపోయి వచ్చేసేవాళ్లు, మళ్లీ పంపేవాళ్లం.

ఆ నిమిషం పట్టేవాళ్లే ఫలితం తేలుస్తారు. 2019లో వైసీపీకి 151 సీట్లు, 2024లో 11. ఓట్లు చూస్తే దాదాపు 50 శాతం నుంచి 39కి తగ్గాయి, అంతే. అవతలివాళ్లు పొత్తు పెట్టుకోవడమూ ఒక కారణమే అనుకో. అయినా నూటికి పదిమంది జరిగితే అసెంబ్లీ రూపమే మారిపోయింది.

అందుకే ఈసారి క్యూ దాకా ఆగకు. నామినేషన్లు పడగానే, అభ్యర్థులు ప్రమాణం చేసి రాసిచ్చే అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పెడతారు. ఆస్తులు, అప్పులు, ఇంట్లోవాళ్ల పేరున ఉన్నవి, చదువు, ఐదేళ్ల ఆదాయం, కేసులు అన్నీ అందులో ఉంటాయి. సిట్టింగ్ ఎమ్మెల్యే మళ్లీ నిలబడితే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడు. పెరిగిన ఎకరాలకీ చూపించిన ఆదాయానికీ పొంతన ఉందో లేదో నీకే తెలుస్తుంది. కేసులున్నాయనగానే కొట్టిపారేయకు, సెక్షన్ చదువు. ధర్నాలో కూర్చుంటే పెట్టిన కేసూ, మనిషిని కొడితే పెట్టిన కేసూ ఒకటి కాదు.

మేనిఫెస్టోల్లో నేను కొత్తది పక్కనపెట్టి పాతది తీస్తాను. చెప్పినదాంట్లో ఏం అందిందని మన వీధి ఆశా వర్కర్‌నీ, పాలు పోసే కౌలు రైతునీ అడుగుతాను. టీవీ చర్చలు చూడను, బీపీ పెరగడం తప్ప ఏమీ రాదు.

ఇక 'మనవాడు' అనే మాట. మనవాడే కదా అని నేనూ ఒకసారి వేశాను. గెలిచాక కాలవ పూడిక గురించి చెప్పుకుందామని వెళ్తే వరండాలో రెండు గంటలు కూర్చోబెట్టి, సారు పడుకున్నారన్నారు. అప్పటి నుంచి, గెలిచాక నా మాట వినేదెవరు, వినకపోతే వచ్చేసారి మొహమాటం లేకుండా నేను కాదనగలిగేదెవరు అని చూసుకుంటున్నాను. రెండు ఓట్లూ ఒకే గుర్తుకి వేయాలన్న రూలూ లేదు. మీ పెదనాన్నకి చెప్పకు గానీ, నేను విడగొట్టి వేసిన సందర్భాలున్నాయి.

ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా ఉంది. కానీ అందరికన్నా నోటాకే ఎక్కువ పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాళ్లే ఎమ్మెల్యే అవుతారు. కోపం చూపించడానికైతే సరే. కవర్లు పంచేవాళ్లు వస్తే తలుపు తీయకు, ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే.

హైదరాబాద్ నుంచి బస్సు టికెట్ ముందే చేయించుకో. ఓటరు స్లిప్ ఒక్కటే చాలదు, కార్డు కూడా తెచ్చుకో. నొక్కగానే వెనక్కి తిరిగేయకు. పక్క మిషన్ అద్దంలో నీ ఓటు అచ్చయిన స్లిప్ 7 సెకన్లు కనిపిస్తుంది, నువ్వు నొక్కిన గుర్తేనా అని చూసుకుని రా.

ఇట్లు,
మీ పెద్దమ్మ