మార్గిట్ దగ్గర ఆగిపోయావంటే ముందు కత్తి చూసుకో

లెవెల్ 20 వచ్చినా ఎల్డెన్ రింగ్ గేమ్‌లో కోట దారికి కాపలా కాసే బాస్ మార్గిట్ చంపేస్తున్నాడు, ఆర్పీజీలు (పాత్రను పెంచుకుంటూ ఆడే గేమ్‌లు) నాకు పడవేమో అన్నావు. తప్పు నీ చేతిది కాదు తమ్మీ, కత్తిది. లెవెల్ పెంచి ఆయుధాన్ని మాత్రం అట్లాగే వదిలేస్తారు చాలామంది.

1. లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ అనే గనికి వెళ్లు, గోడలకు మెరిసే స్మితింగ్ స్టోన్ 1 రాళ్లు (ఆయుధం బలం పెంచేవి) ఏరుకో. మామూలు కత్తిని ఒక్కో మెట్టు పెంచడానికి +1కి 2, +2కి 4, +3కి 6, అంటే మొత్తం 12 కావాలి, గని కూలీలను కొట్టినా కొన్ని పడతాయి.
2. చర్చ్ ఆఫ్ ఎల్లే అనే పాడుబడ్డ చర్చిలో వ్యాపారి పక్కనే దాగలి ఉంటుంది, ఆ రాళ్లతో కత్తి +3 దాకా అక్కడే అవుతుంది. మిస్సయ్యేది ఇదే! హన్మకొండ రూమ్‌లో ఆడుతూ నేను రెండు రాత్రులు దాని ముందు నుంచే గుర్రం మీద పోయాను. కోటను వదిలేసి దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులా ప్రాంతమంతా తిరిగొచ్చాక అదే మార్గిట్ చిన్నోడిలా కనిపించాడు, ఆ మజా కోసమే కదా ఈ గేమ్‌లు ఆడేది.
3. విగర్ (నీ పాత్ర ప్రాణబలం) 20 చేసుకుని మార్గిట్ దగ్గరికి వెళ్లు.